బీచ్ చెట్టు గుంటలో తోక పురుగులు: బ్యాట్‌మన్ హోవర్‌ఫ్లైకి నీళ్లెంత అవసరమో ఒడ్డూ అంతే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: దక్షిణ ఇంగ్లండ్‌లో ఉంటున్నారు. ఇంటి వెనక పెద్ద బీచ్ చెట్టు (ఐరోపాలో పెరిగే, నున్నటి బెరడున్న చెట్టు) ఉంది. దాని మొదట్లో రెండు వేళ్ల మధ్య గుంటలో ఎప్పుడూ నల్లటి నీళ్లుంటాయి. అందులో బూడిద రంగు పురుగులు, ఒక్కోదానికి ఎలుక తోకలాంటి పొడవాటి తోక. అవి బ్యాట్‌మన్ హోవర్‌ఫ్లై (గాల్లో ఒకేచోట నిలిచి ఎగిరే ఒక రకం ఈగ) పిల్లలని ఎవరో చెప్పారు. నిరుడు పాల సీసా పైభాగం కోసి, లాన్ కోసిన గడ్డి వేసి, నీళ్లు పోసి పెడితే పురుగులైతే పడ్డాయి గానీ కంపు కొట్టింది, ఒక్క ఈగ కూడా బయటికి వచ్చిన జాడ లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది, దోమలు పెరగవా, ఆ నీళ్ల వల్ల చెట్టు కుళ్లిపోదా అని అడిగారు.

పొరపాటు కొంత నీళ్లలో ఉంది, ఎక్కువ భాగం ఒడ్డులో ఉంది. ఈ పురుగు నీళ్లలో పెరుగుతుంది కానీ నీళ్లలో ఈగగా మారదు. పెరగడం పూర్తయ్యాక నీళ్లు వదిలి, పొడిగా వదులుగా ఉన్న ఆకుల కిందికో మట్టిలోకో పాకి అక్కడ ప్యూపా (పురుగు ఈగగా మారే ముందు పెట్టెలా బిగుసుకునే దశ) అవుతుంది. సీసా గోడ నున్నగా నిటారుగా ఉండి, బయట రాతి పలకో లాన్ గడ్డో ఉంటే దానికి దారీ లేదు, దిగాక చోటూ లేదు. హోవర్‌ఫ్లై తొట్టి పెట్టే చాలామంది నీళ్ల గురించే జాగ్రత్తపడి ఈ సంగతి వదిలేస్తారు.

మీరు చూసినది దాదాపుగా ఆ బ్యాట్‌మన్ హోవర్‌ఫ్లై, శాస్త్రీయ నామంతో చెబితే మయత్రోపా ఫ్లోరియానే. బ్రిటన్‌లో 280కి పైగా హోవర్‌ఫ్లై జాతులున్నాయి. చెట్టు మొదట్లోని గుంటల్లో తోక పురుగు కనిపిస్తే ముందుగా అనుకోవలసిన పేరు ఇదే. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన పాత జాతి. పెద్ద ఈగ తేనెటీగంత ఉంటుంది, పసుపు నలుపు పట్టీలతో చూడగానే కందిరీగనుకుని వెనక్కి తగ్గేలా ఉంటుంది. కుట్టదు, కుట్టడానికి ముల్లే లేదు. వీపు మీద, రెక్కలు మొలిచే చోట, బూడిద పసుపు కలిసిన నేల మీద నల్లటి మచ్చ బ్యాట్‌మన్ గుర్తులా కనిపిస్తుంది. జర్మన్లు అదే మచ్చలో పుర్రెను చూసి పుర్రె ఈగ అంటారు. నాకైతే పుర్రె పోలికే బాగా కుదిరినట్టు అనిపిస్తుంది. రెక్కలు రెండే ఉండటం, మీసాలు పొట్టిగా ఉండటం కందిరీగ నుంచి దీన్ని విడదీసే గుర్తులు. కళ్లు నడినెత్తిన కలిసిపోతే మగది, మధ్యలో ఖాళీ ఉంటే ఆడది.

ఇక గుంట. బీచ్ బెరడు నున్నగా ఉంటుంది కాబట్టి వాన నీరు కొమ్మల మీంచి కాండం వెంట జారి నేరుగా మొదట్లోకి దిగుతుంది. ఓక్ గరుకు బెరడు మీద అంత నీరు కిందిదాకా రాదు. పైగా బీచ్ వేళ్లు నేల మీదికి ఉబ్బి, రెండు వేళ్లు కలిసే చోట గిన్నెలాంటి పల్లం ఏర్పడుతుంది. శరత్కాలంలో ఆ గిన్నెలో చెట్టు ఆకులే రాలి నిండుతాయి, నానతాయి, నల్లబడి మడ్డిగా మారతాయి. మీ పురుగు ఆకును తినదు. ఆకును కుళ్లబెట్టే బ్యాక్టీరియాను తింటుంది. మడ్డి నీటిని నోట్లోకి లాగి, గొంతులో ఉండే గట్లలాంటి జల్లెడలో సూక్ష్మజీవులను పట్టుకుని, మిగిలిన నీరు బయటికి వదిలేస్తుంది. అందుకే శుభ్రమైన నీటిలో అది ఆకలితో మాడుతుంది. మరీ కుళ్లి నురగలు కక్కే నీటిలో కూడా బాగుపడదు. నానిన ఆకుల కషాయం, పాత డికాషన్ రంగులో ఉండి అడవి మట్టి వాసన వచ్చేది, దానికి సరిపోయే నీరు.

తోక విషయం కాస్త దగ్గరగా చూడండి, మిగతా జాగ్రత్తలన్నీ దాని నుంచే పుడతాయి. తెల్లటి పళ్లెంలో రెండు చెంచాల మడ్డి నీరు పోసి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. పురుగు అడుగున పడుకునే ఉంటుంది, తోక మాత్రం పాత రేడియో యాంటెన్నాలా ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం బయటికి జరుగుతూ నీటి మట్టం దాకా సాగుతుంది. నిండుగా సాగితే ఒంటి పొడవుకు కొన్ని రెట్లు ఉంటుంది. అది తోక కాదు, ఊపిరి గొట్టం. కొసన ఈకల్లాంటి సన్నటి వెంట్రుకలు ఉంటాయి, వాటికి నీరు అంటదు. కొస పైకి తేలగానే అవి పువ్వులా విచ్చుకుని నీటి ఉపరితలాన్ని పట్టుకుంటాయి, మధ్యలో గాలి రంధ్రాలు తెరుచుకుంటాయి. కుళ్లే నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి పురుగు బతుకంతా ఆ కొస మీదే ఆధారపడి ఉంటుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. నీటిలో గిన్నెలు తోమే సబ్బు జాడ ఉన్నా, పైన నూనె పొర ఉన్నా ఆ వెంట్రుకలు తడిసిపోతాయి, పురుగు ఊపిరాడక చస్తుంది. కాబట్టి సీసానో బకెట్టునో సబ్బుతో కడిగి వాడితే కనీసం ఐదారు సార్లు మంచినీళ్లతో జాడించాలి, అంతకన్నా అసలు సబ్బు తగలనివ్వకపోతే మేలు. రెండోది లోతు. పెద్ద పురుగు తోక చాలినంత సాగుతుంది, అప్పుడే పొదిగిన పిల్లకు సాగదు. అడుగున గుప్పెడు ఆకులు, పైన జానెడు ఖాళీ నీరు ఉంటే పిల్లలకు తిండి ఒకచోట, గాలి మరోచోట. ఆకులు నీటి మట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కింది దాకా పేర్చి ఉండాలి. అప్పుడు ఏ వయసు పురుగు ఆ లోతున కూర్చుంటుంది.

జీవిత చక్రం ఇలా నడుస్తుంది. మే మొదలు సెప్టెంబర్ దాకా పెద్ద ఈగలు ఎక్కువగా కనిపిస్తాయి, ఏప్రిల్ చివర్లోనూ అక్టోబర్‌లోనూ కొన్ని ఉంటాయి. మగది చెట్ల మధ్య ఎండ పడే చోటు ఒకటి ఎంచుకుని గాల్లో నిలబడి కాపలా కాస్తుంది, ఇంకో మగది వస్తే తరుముతుంది, మళ్లీ అదే చోటికి వచ్చి నిలబడుతుంది. ఆడది పూల మీద పుప్పొడి బాగా తింటుంది, గుడ్లు తయారవడానికి ఆ మాంసకృత్తులు కావాలి. తర్వాత చెట్ల మొదళ్ల దగ్గర, నేలకు జానెడు ఎత్తులో నెమ్మదిగా తిరుగుతూ ప్రతి సందులోకీ తొంగి చూస్తుంటే గుడ్లు పెట్టే చోటు వెతుకుతోందని అర్థం. గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటికి కాస్త పైన, తడిగా ఉన్న బెరడు పగుళ్లలోనో ఆకు మడతలోనో తెల్లగా బియ్యపు నూకల్లాంటివి గుంపుగా పెడుతుంది. కొద్ది రోజుల్లో పొదిగి పిల్లలు నీళ్లలోకి జారతాయి.

లార్వా దశలో, అంటే పురుగుగా ఉన్నన్నాళ్లు, రెండుసార్లు చర్మం విడుస్తుంది, అంటే మూడు దశలు. మూడో దశలో తోక కాకుండా ఒళ్లు సుమారు రెండు సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఈ దశ ఎన్నాళ్లన్నది క్యాలెండర్ చెప్పదు, తిండి చెబుతుంది. మంచి మడ్డి, వేసవి వేడి ఉంటే త్వరగా ఎదుగుతుంది. తిండి పలచబడితే నెలల తరబడి చిన్నగానే ఉండిపోతుంది. అందుకే ఒకే గుంటలో మూడు నాలుగు సైజుల పురుగులు కలిసి కనిపిస్తాయి. దాన్ని చూసి వేర్వేరు జాతులనుకోకండి. చలికాలమంతా లార్వాగానే, అడుగు మడ్డిలో దాదాపు కదలకుండా గడుపుతుంది. వసంతంలో నీరు వెచ్చబడ్డాక ఎదిగినవి ఒక్కొక్కటే బయటికి పాకుతాయి.

బయటికొచ్చిన పురుగు ఆకుల కింద ఆగి పొట్టిగా బిగుసుకుంటుంది. దాని చర్మమే గట్టిపడి గోధుమరంగు పెట్టె అవుతుంది, వెనక ఎండిన తోక వంకరగా అలాగే అంటుకుని ఉంటుంది, ముందు వైపు రెండు చిన్న కొమ్ములు పొడుచుకొస్తాయి. ఆ కొమ్ములతోనే ప్యూపా ఊపిరి తీస్తుంది. వేడిని బట్టి రెండు వారాలు అటూఇటూ. ఆ తర్వాత పెట్టె ముందు భాగం మూతలా ఊడుతుంది, పాలిపోయిన రంగులో రెక్కలు ముడుచుకుపోయిన ఈగ బయటికొచ్చి ఏదో పుల్ల ఎక్కి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. ప్యూపా నీళ్లలో మునిగి ఉంటే ఆ కొమ్ములు పనిచేయవు. సీసా కింద పెట్టిన ట్రేలో వాన నీరు నిలిచి ప్యూపాలు మునిగిపోవడం చాలామందికి జరిగేదే. కొందరు ఒడ్డు సిద్ధం చేసీ ట్రేకు చిల్లులు వేయడం మర్చిపోతారు.

మీ సీసా సంగతికొస్తే, బ్రిటన్‌లో దొరికే నాలుగు పింట్ల పాల సీసా 2.27 లీటర్లు. ఇది చేయకూడని పని కాదు, చాలామంది దీనితోనే మొదలుపెడతారు. కానీ నీరు తక్కువ కాబట్టి ఎండకు త్వరగా తగ్గుతుంది, వేడెక్కుతుంది, చలికి అడుగుదాకా గడ్డకడుతుంది. మీరు గడ్డి ఒక్కటే వేశారు. పచ్చి గడ్డిలో నత్రజని ఎక్కువ, రెండు మూడు రోజుల్లోనే పులిసి కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది. ఆ కంపు నీళ్లకు తరచుగా వచ్చేది ఎరిస్టాలిస్ టెనాక్స్ అనే మరో హోవర్‌ఫ్లై, పేడ గుంటలూ మురుగూ దానికి ఇష్టం, దాని పురుగుకూ ఇలాంటి తోకే. కాబట్టి నిరుడు మీకు పడ్డవి అసలు బ్యాట్‌మన్‌వేనా అన్నది కూడా అనుమానమే. గడ్డి పూర్తిగా మానాల్సిన పనిలేదు, పచ్చట్లో ఆవపొడిలా కొద్దిగా వేస్తే చాలు.

వీలైతే పది లీటర్ల బకెట్టు తీసుకోండి, ముదురు రంగుదైతే మంచిది, లోపల గరుకుగా ఉంటే ఇంకా మంచిది. అంచుకు ఐదు సెంటీమీటర్ల కింద చుట్టూ మూడు నాలుగు చిన్న చిల్లులు, మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో వేయండి. పెద్ద వాన పడితే నీరు అక్కడి నుంచి పోతుంది, అంచు మీంచి పొర్లి పురుగులు కొట్టుకుపోవు. లోపల ఎండిన బీచ్, ఓక్ ఆకులు మూడింట రెండు వంతుల ఎత్తు వచ్చేలా చేత్తో కాస్త అదిమి వేయండి. వాటి మధ్య రెండు గుప్పిళ్లు చెక్క ముక్కలు లేదా రంపపు పొట్టు, ఒక గుప్పెడు కోసిన గడ్డి. పొట్టు ఏ చెక్కదో తెలిసి ఉండాలి. కంచె స్తంభాలకు, డెక్కింగ్‌కు (తోటలో పరిచే చెక్క నేలకు) వాడే కలప పురుగు పట్టకుండా రాగి మందులు ఎక్కించినది, ఎండీఎఫ్ పలక చెక్క పొడిని జిగురుతో అతికించి చేసినది, రెండూ పనికిరావు. పచ్చి కొమ్మ రంపంతో కోసినప్పుడు రాలిన పొట్టు శ్రేష్ఠం.

తర్వాత వాన నీరు, ఆకుల పైన రెండు మూడు సెంటీమీటర్లు నిలిచేదాకా. కుళాయి నీరే దిక్కయితే ఒకరోజు బయట పెట్టి పోయండి. చివరగా మీ బీచ్ గుంటలోంచి ఒక కప్పు మడ్డి నీరు తీసి, పురుగులుంటే వాటిని గుంటలోనే వదిలి, ఆ నీటిని బకెట్టులో కలపండి. పెరుగుకు తోడు వేసినట్టే ఇదీ, సరైన సూక్ష్మజీవులు మొదటి రోజు నుంచే పని మొదలుపెడతాయి. ఇదంతా మార్చి చివరికి పూర్తయితే మే నాటికి కషాయం సిద్ధంగా ఉంటుంది. జూన్‌లో పెట్టినా నష్టం లేదు, మొదటి గుడ్లు ఆలస్యమవుతాయంతే.

ఇప్పుడు ఒడ్డు. బొటనవేలంత లావు, గరుకు బెరడు ఉన్న కర్రలు నాలుగైదు తీసుకుని, ఒక కొస బకెట్టు అడుగున, రెండో కొస అంచు దాటి బయటికి వాలి నేల మీది ఆకులను తాకేలా పెట్టండి. బయట కొస గాల్లో వేలాడితే వంతెన సగంలో ఆగినట్టే. ఇదే కర్ర ఆడ ఈగ వాలడానికీ పనికొస్తుంది. బకెట్టు చుట్టూ ఒక అడుగు వెడల్పున, పది సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు, రంపపు పొట్టు కలిపి పరచండి. పాకే పురుగు దగ్గర్లోనే ఆగుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి చోటు ఎంత ఇచ్చినా వృథా కాదు. ట్రేలోనే పెట్టాలనుకుంటే ట్రే అడుగున కనీసం పది చిల్లులు వేసి, ఇటుకల మీద ఎత్తి పెట్టండి. బ్లాక్‌బర్డ్‌లకు ఈ ఆకుల కుప్ప అంటే ప్రాణం, పొద్దున్నే వచ్చి అంతా చిమ్మి ప్యూపాలు ఏరుకు తింటాయి. పాతిక మిల్లీమీటర్ల కన్నున్న కోళ్ల వల ఒకటి పైన వంచి పెడితే పక్షి ఆగుతుంది, ఈగ సులువుగా దూరుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బకెట్టు మీదికి కూడా ఆ వల రావాలి, ఇది అలక్ష్యం చేసే విషయం కాదు.

చోటు విషయంలో గుర్తుంచుకోవలసింది ఒకటే: మధ్యాహ్నపు ఎండ బకెట్టు మీద పడకూడదు, కానీ నాలుగైదు అడుగుల దూరంలో ఎండ పడాలి. మగ ఈగ ఆ ఎండలో నిలబడుతుంది, ఆడది ఈ నీడలోకి వస్తుంది. మీ బీచ్ చెట్టు కిందే, గుంటకు ఎదురు వైపు వేళ్ల దగ్గర పెడితే సరిపోతుంది. సగం దాకా భూమిలో పాతితే వేసవిలో చల్లగా ఉంటుంది, చలికాలంలో మొత్తం గడ్డకట్టదు. పైన మంచు పొర కట్టినా భయపడక్కర్లేదు, దాన్ని పగలగొట్టి కెలకొద్దు.

పూలు లేకపోతే ఈ ఏర్పాటు అంతా సగమే. వసంతంలో హాథార్న్, కౌ పార్స్‌లీ, వేసవిలో బ్రాంబుల్, హాగ్‌వీడ్, చివర్లో ఐవీ. ఈ ఈగ నాలుక పొట్టిది, కాబట్టి ధనియాల మొక్క పూల లాగా గొడుగులా విచ్చుకుని తేనె పైపైనే ఉండే పూలు దానికి అనువు. ఒక మూల కొత్తిమీర, సోంపు పూతకు వదిలేసినా వాలుతుంది. హాగ్‌వీడ్ మాత్రం కోసేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, దాని రసం పడిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలొస్తాయి. ఐవీని చెట్టుకు పట్టిన పీడగా నరికేసే వాళ్లు ఎక్కువ. సెప్టెంబర్‌లో ఈ ఈగలకు ముఖ్యమైన పూత అదే.

వేసవిలో రెండు వారాలకోసారి నీటి మట్టం చూసి తగ్గినంత పోయండి. ఒకేసారి బకెట్టు నిండా చల్లటి నీరు కుమ్మరించకుండా అంచు వెంట నెమ్మదిగా పోయాలి. ఆకులు కుంగి కిందికి దిగుతుంటే పైన కొత్త ఎండుటాకులు వేయండి. లెక్క చూడాలనిపిస్తే నెలకోసారి చాలు: ఒక గరిటెడు మడ్డి తెల్లటి పళ్లెంలోకి తీసి, తోకలు సాగాక లెక్కపెట్టి, అదే నీటితో తిరిగి పోసేయండి. చేతికి గాయాలుంటే గ్లోవ్స్ వేసుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. గరిటెలో తోకలు మరీ గుంపుగా వస్తుంటే ఆనందపడటం కన్నా రెండో బకెట్టు పెట్టడం మంచిది. ఎక్కువ పురుగులు, తక్కువ తిండి అంటే ఎదుగుదల ఆలస్యం, వచ్చే ఈగలూ చిన్నవే. నీరు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన ముదిరితే మొత్తం పారబోయకండి, మూడో వంతు తీసి వాన నీరు, పొడి ఆకులు చేర్చండి. ప్యూపాల్లో కొన్నింటిని చిన్న పరాన్నజీవి కందిరీగలు తినేస్తాయి, ఒక్కో పెట్టెకు మూత ఊడకుండా చిన్న గుండ్రటి కన్నం కనిపిస్తే అదే. దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా.

దోమల సంగతి. చెట్టు తొర్రల్లో పెరిగే దోమలు బ్రిటన్‌లోనూ ఉన్నాయి, ఎనాఫిలిస్ ప్లంబియస్, ఏడిస్ జెనిక్యులేటస్ అలాంటివే. దోమ పిల్ల నీటిలో కుదుపులతో ఈదుతుంది, చాలా సన్నగా ఉంటుంది, మీ తోక పురుగు అడుగున నిదానంగా పాకుతుంది. ఒకదాన్ని మరోటని పొరబడే అవకాశం తక్కువ. ఆకులు మట్టం దగ్గరి దాకా నిండి ఉంటే తెరిచిన నీరు తగ్గుతుంది, దోమకు చోటూ తగ్గుతుంది. అయినా కొన్ని కనిపిస్తే టీ వడపోసే జల్లెడతో తీసేయండి. మన ఊళ్లలో చేసినట్టు కిరసనాయిలు చుక్కలు మాత్రం వేయొద్దు. దోమతో పాటు హోవర్‌ఫ్లై తోకా మూసుకుపోతుంది.

ఇదే విషయంలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదివి బకెట్టు పెడదామనుకునే వాళ్లకు ఒక్క మాట: పెట్టకండి. డెంగీ తెచ్చే ఏడిస్ ఈజిప్టై ఇంటి చుట్టూ నిలిచే ఇలాంటి నీళ్లలోనే పెరుగుతుంది, మున్సిపాలిటీ వాళ్లు డ్రై డే (నిలవ నీళ్లు పారబోసే రోజు) పాటించమనేది అందుకే. మన దగ్గర హోవర్‌ఫ్లైలకు సాయం చేయాలంటే దారి వేరు. చిక్కుడు తీగ, ఆవ పైరు మీద పేనుబంక మధ్య కాళ్లు లేని పచ్చటి పురుగు పాకుతూ కనిపిస్తే అది సిర్ఫిడ్ ఈగ (హోవర్‌ఫ్లైకే మరో పేరు) పిల్ల, ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ లాంటిది, పేనుబంకను పీల్చి తినేది. దానికి నీళ్ల తొట్టి అక్కర్లేదు. పేనుబంక కనిపించగానే మందు కొట్టకుండా ఆగితే చాలు.

చెట్టు కుళ్లుతుందా అన్నదానికి ముందు ఆ గుంట ఏ రకమో చూడండి. పెన్సిల్ మొద్దు కొసతో గుంట లోపలి గోడను మెల్లగా తాకండి. గట్టిగా, చుట్టూ బెరడే కప్పి ఉంటే అది వేళ్లు కలిసిన చోట ఏర్పడిన గిన్నె మాత్రమే, గాయమే కాదు. మెత్తగా దిగబడి చెక్క పొడిలా వస్తే శిలీంధ్రం పట్టిన తొర్ర. రెండో రకమైనా నీరు నిలవడం వల్లే చెట్టు పడిపోతుందనుకోవద్దు. పూర్తిగా తడిసిన చెక్కలో గాలి ఉండదు, చెక్కను తినే శిలీంధ్రాలకు గాలి కావాలి. ఒకప్పుడు తొర్రలకు డ్రిల్‌తో కన్నం వేసి నీరు తీసేవారు, సిమెంటు పూడ్చేవారు. చెట్టు తన గాయం చుట్టూ కట్టుకునే అడ్డుగోడను ఆ కన్నమే బద్దలు కొట్టి, కుళ్లును మంచి చెక్కలోకి పంపుతుందని తేలాక ఆ పద్ధతి మానేశారు. ఎవరైనా తోటమాలి ఆ సలహా ఇస్తే ఒప్పుకోకండి. అయితే మొదలు చుట్టూ పెద్ద పెద్ద రేకుల పుట్టగొడుగులు గుత్తులుగా వస్తుంటే, అది బీచ్ వేళ్లను కుళ్లబెట్టే మెరిపిలస్ కావచ్చు. అప్పుడు ఈగల సంగతి పక్కన పెట్టి, చెట్ల నిపుణుణ్ణి పిలిపించి చూపించాలి.

సాధారణ ఈగ కోసం ఇంత శ్రమ ఎందుకని కూడా మీ ప్రశ్నలో ఒక చిన్న మాట ఉంది. బ్యాట్‌మన్ ఈగ సాధారణమే, ఎందుకంటే అది గుంట విషయంలో పట్టింపు లేనిది: బీచ్ గిన్నె, తడి పొట్టు కుప్ప, ఆకులు పడ్డ బకెట్టు, ఏదైనా సరే. దాని బంధువుల్లో పట్టింపు ఉన్నవాటి గతి చూడండి. స్కాట్లాండ్‌లో స్ట్రాత్‌స్పే పైన్ అడవుల్లో బ్లెరా ఫాలక్స్ అనే ఈగ ఉంది, తోక భాగం ఎర్రగా మెరుస్తుంది. దాని పిల్లలకు లావుపాటి స్కాట్స్ పైన్ మోడు కావాలి, ఆ మోడు నడి చెక్కను ఫియోలస్ అనే శిలీంధ్రం మెత్తబరచాలి, ఆ మెత్తన కుంగి నీరు నిలవాలి. చెట్టు లావెక్కకముందే నరికే అడవిలో ఆ మూడూ ఒకచోట కుదరడం కష్టం. అందుకే బ్రిటన్‌లో అది ఆ ఒక్క ప్రాంతానికి కుంచించుకుపోయింది. అక్కడి వాళ్లు మోళ్లలో రంపంతో గుంటలు కోసి, పైన్ పొట్టు, నీరు నింపి కృత్రిమ తొర్రలు చేశారు. హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్క్‌లో లార్వాలను పెంచి అడవిలోకి వదిలారు. దాదాపు పదేళ్ల తర్వాత 2022లో పెద్ద ఈగలు మళ్లీ అడవిలో కనిపించాయి. అక్కడి మోడులో కోసిన గుంటకూ మీ బకెట్టుకూ సూత్రం ఒకటే, చెక్క జాతి వేరు. మీ తోటలో మోడు ఉంటే దాన్ని పీకించకుండా వదిలేయండి. గుంట కోయాలనిపిస్తే మాత్రం చెయిన్‌సా శిక్షణ ఉన్న మనిషితోనే కోయించండి, రంపం కొసతో చెక్కలోకి పొడవడం చేతికి అలవాటు లేనివారు చేసే పని కాదు.

నిరుటి సీసాను ఇంకా పారేయకపోతే ఈ వారమే ఒక పని చేయండి. దాని చుట్టూ ఉన్న మట్టి, ఆకులు గుప్పెడు గుప్పెడుగా తెల్ల గుడ్డ మీద పరిచి, ఎండిన తోక అంటుకున్న గోధుమరంగు పెట్టెల కోసం వెతకండి. ముందు మూత ఊడి ఖాళీగా ఉంటే మీరు చూడకుండానే ఈగ ఎగిరిపోయిందన్నమాట. మూత బిగిసి ఉండి, వేలితో తాకితే బరువుగా తోస్తే దాన్ని పొడి ఆకుల మధ్య, వాన తగలని చోట పెట్టండి. సీసా లోపల గోడకే అంటుకుని, సగం దూరం పాకి ఎండిపోయిన పురుగులు కనిపిస్తే, వాటి పక్కన ఒక కర్ర ఉంటే చాలేది.